ట్రాక్టరు సందుల్లో మట్టి... రేకుకు చేటు

దమ్ము చేసి వచ్చాక ట్రాక్టరు మీద నాలుగు బకెట్ల నీళ్లు కొట్టి చేతులు దులుపుకుంటాం. పైన రంగు మెరుస్తుంది. మడ్‌గార్డు అడుగున, బోల్టుల చుట్టూ, బానెట్ అంచుల్లో ఇరుక్కున్న మట్టి మాత్రం అలాగే ఉండిపోతుంది. అది తడిని పట్టి ఉంచుతుంది. దానికి ఎరువు కూడా తోడైతే రేకు మరింత తొందరగా తుప్పు పడుతుంది.

ఇంజను చల్లారాకే కడగాలి. ఎండిన మట్టిని కొడవలి మొనతోనో, ఇనుప బ్రష్షుతోనో గీకితే రంగు లేచిపోతుంది. తడి గోనెసంచి అరగంట కప్పి ఉంచితే మట్టి నానుతుంది. సందుల్లోకి పాత పళ్ల బ్రష్షు, లేదా గుడ్డ చుట్టిన వెదురు పుల్ల చాలు.

గ్రీజు జిడ్డు వదలకపోతే కొద్దిగా డీజిలు అద్దిన గుడ్డతో తుడిచి, వెంటనే సబ్బు నీళ్లతో కడగండి. డీజిలు టైర్లకు, రబ్బరు గొట్టాలకు తగలనీయొద్దు. బీడీ, అగ్గిపెట్టె దూరంగా ఉంచాలి.

కడిగాక పొడిగుడ్డతో తుడవాలి. రంగు లేచిన చోట ఉప్పుకాగితంతో తుప్పు పోయేదాకా రుద్ది, రెడాక్సైడ్ పూసి, ఆరాక రంగు వేయండి. రేపు బండి అమ్మబోతే, కొనేవాడు ముందు వంగి చూసేది మడ్‌గార్డు అడుగునే!