కోలారు గనిలో చిక్కిన సూక్ష్మకణము

సూర్యునినుండి వెలుగును వేడియును మాత్రమే వచ్చుచున్నవని మనము తలంతుము. వానితోపాటు న్యూట్రినోలను కణములును వచ్చుచున్నవి. వానికి విద్యుదావేశము లేదు. బరువు లేదన్నను చెల్లునంత స్వల్పము. మన బొటనవ్రేలి గోరంత చోటునుండి సెకనునకు దాదాపు 6,500 కోట్ల న్యూట్రినోలు దూరిపోవుచున్నవి. రాత్రివేళ అవి భూగోళమునంతను చొచ్చుకొని మన మంచముల క్రిందినుండి పైకి వచ్చును. గోడ గాని కొండ గాని వాని కడ్డు గాదు. ఇట్టిదానిని పట్టుట యెట్లు? పట్టినను వంటింటి కేమి లాభమని యడుగు సోదరీమణులుందురు. లాభము లేదు, నిజమే. చుక్కలవలన మాత్రము వంటింటి కేమి లాభము? అయినను చూచుచునే యున్నాము.

ఇట్టి కణ మొకటి యుండవలెనని 1930లో పౌలీ యను శాస్త్రజ్ఞుడు లెక్కవలన నూహించెను. 1956లో రైనెస్, కోవన్ అను నమెరికా శాస్త్రజ్ఞులు అణురియాక్టరు చెంత దాని జాడ గనిరి. కాని మన తలపై నాకాశమున సహజముగా బుట్టు న్యూట్రినోను పట్టిన కథ మన పొరుగుననే, తెలుగు మాట నిత్యము వినవచ్చు కోలారు బంగారు గనులలో జరిగినది.

ఆకాశమునుండి విశ్వకిరణము లెడతెగక కురియుచుండును. అవి గాలిని తాకినపుడు మ్యువానులను కణములును న్యూట్రినోలును పుట్టును. మ్యువానుల సందడిలో న్యూట్రినో జాడ తెలియదు. పెండ్లిపందిట బాజాలు మ్రోగుచుండగా ప్రక్కగదిలోని పసిబిడ్డ మూల్గు వినబడునా? కావున శాస్త్రజ్ఞులు భూమినే జల్లెడగా జేసికొనిరి. బొంబాయి టాటా పరిశోధనసంస్థకు చెందిన వి. ఎస్. నరసింహం, పి. వి. రమణమూర్తి గారలును, జపానుదేశీయుడగు మియాకేయు గనిలో వేర్వేరు లోతుల మ్యువానులను లెక్కించిరి. లోతు పెరిగినకొలది లెక్క తగ్గెను. సుమారు 2,760 మీటర్ల లోతున రెండు నెలలు కాచియున్నను ఒక్కటియు రాలేదు. వట్టిచేతులతో వచ్చిరని మనమందుము. వారికి గావలసిన దా నిశ్శబ్దమే!

పిమ్మట మేనన్, శ్రీకంఠన్ గారలు ముఖ్యులుగా, జపాను, ఇంగ్లండు శాస్త్రజ్ఞుల తోడ్పాటుతో 2,300 మీటర్ల లోతున శోధనయంత్రములను నెలకొల్పిరి. కణము తాకగనే మినుకుమను ప్లాస్టికు పలకలు, ఆ మినుకును విద్యుత్తుగా మార్చు గొట్టములు, కణము పోయిన దారిని వెలిగి చూపు నియాను గొట్టములు, నడుమ సీసపు పలకలు. పలకలను పరుండబెట్టక గోడలవలె నిలువబెట్టుటలోనే యుపాయమంతయు గలదు. ఆకాశపు మ్యువాను నిట్టనిలువుగానే దిగును. అడ్డముగా వచ్చినచో మైళ్లకొలది ఱాతిని దాటజాలదు. కనుక అడ్డముగా మ్యువాను వచ్చెనా, అది చెంతనున్న ఱాతిలో న్యూట్రినో తాకిడిచే బుట్టినదన్నమాట.

ఆ ఫలితము 1965 ఆగస్టు 15వ తేదీ సంచికలో వెలువడెను. దక్షిణాఫ్రికా గనిలో రైనెస్ బృందము ఫిబ్రవరిలోనే తొలి జాడను జూచినను, వారి వ్యాసము రెండు వారములు వెనుకబడెను. గౌరవ ముభయులదియు ననుట న్యాయము. అయితే మేము చూచిన పాఠ్యపుస్తకములలో కోలారనగా బంగారమే గాని న్యూట్రినో మాట లేదు. ఇది మాకు కొఱతగా దోచుచున్నది.

ఆ గనులు 2001లో మూతపడినవి. తమిళనాట తేని జిల్లాలో కొండ క్రింద 50,000 టన్నుల యినుముతో క్రొత్త శోధనాగారము నిర్మించుటకు కేంద్రప్రభుత్వము 2015లో సమ్మతించినను, అడవికిని నీటికిని హాని కలుగునను నాక్షేపణలచే పని సాగలేదు. మన్యపు కొండల యంచున నర్సీపట్నమున గాపురముండు మేము ఆ భయమును వట్టిదని త్రోసివేయజాలము. కొండమీది చెట్లు పోయినచో క్రింది బావులేమగునో ఇచ్చటి యాడువారికి దెలియును. కోలారున ఆ చిక్కు లేకుండెను: బంగారమునకై జనులు ముందే త్రవ్విన గోతిలోనికి శాస్త్రజ్ఞులు దిగిరి.