రూక భోజనం నుంచి ప్లాట్‌ఫామ్ ఫీజు దాకా

కాకతీయుల నాటి ఓరుగల్లును కళ్లకు కట్టే పుస్తకం క్రీడాభిరామం. వినుకొండ వల్లభరాయుడి పేర ఉన్న ఈ వీథినాటకంలో గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు స్నేహితులు నగరమంతా తిరుగుతారు. తిండి సంగతి వచ్చినప్పుడు అందులో వినిపించే చోటు లక్ష్మణవజ్ఝల గారి పూటకూళ్ల ఇల్లు. ఒక్క రూక ఇస్తే చాలు. సన్నబియ్యపు అన్నం, గోధుమపిండి వంట, చక్కెర, అప్పుడే కాచిన నెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు రకాల నంజుళ్లు, చివర గడ్డపెరుగు. విస్తట్లో ఏం పడుతుందో, చేతిలోంచి ఎంత పోతుందో రెండూ ఒకే పద్యంలో చెప్పేశాడు కవి. డబ్బిచ్చి తిన్నవాడి వైపు నుంచి హోటల్ భోజనాన్ని చెప్పిన పాత తెలుగు సాక్ష్యం వరంగల్‌ది కావడం ఈ ఊరివాళ్లు గర్వపడాల్సిన విషయం.

ఇప్పటి వరంగల్‌లో తినేవాళ్లు రకరకాలు. 1959లో మొదలైన రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీ, అంటే నేటి నిట్, అదే ఏడాది వచ్చిన కాకతీయ మెడికల్ కాలేజీ, 1976లో ఏర్పడిన కాకతీయ విశ్వవిద్యాలయం ఈ ఊరికి వేల మంది హాస్టల్ పిల్లలను తెచ్చాయి. ఎంజీఎం ఆస్పత్రికి ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ వైపు నుంచి రోగులతో వచ్చే బంధువులు పూటపూటకూ బయటే తినాలి. కాజీపేట జంక్షన్‌లో రైలు దిగేవాళ్లున్నారు, రెండేళ్లకోసారి మేడారం జాతరకు పోతూ హన్మకొండలో ఆగేవాళ్లున్నారు. పొద్దున టిఫిన్ సెంటర్, మధ్యాహ్నం మెస్సు, సాయంత్రం కర్రీ పాయింట్, ఆదివారం ఇంటిల్లిపాదీ ఏసీ రెస్టారెంట్. వీటన్నిటినీ జనం ‘హోటల్’ అనే అంటారు. కానీ ఒక్కోచోట ఆశించేది వేరు. మెస్సులో పప్పు రెండోసారి అడిగితే విసుక్కోకుండా వడ్డించాలి. టిఫిన్ సెంటర్‌లో పల్లీ చట్నీ చాలినంత వేయాలి. ఏసీ రెస్టారెంట్‌లో టేబుల్ తుడిచి, మెనూ చేతికిచ్చి, అడిగినదానికి జవాబు చెప్పే సర్వర్ ఉండాలి.

ఎక్కువగా పేచీ వచ్చేది బిర్యానీ దగ్గర. సింగిల్, ఫుల్, ఫ్యామిలీ ప్యాక్, జంబో. ఈ మాటలకు కొలత లేదు. ఒకచోట సింగిల్ ఇద్దరికి సరిపోతుంది, ఇంకోచోట ఒక్కరికే చాలదు. ముక్కలెన్ని, బరువెంత అని బోర్డు మీద రాసేవాళ్లు అరుదు. పది లేదా అంతకుమించి శాఖలున్న పెద్ద సంస్థలు మెనూలో కేలరీలతోపాటు వడ్డించే పరిమాణమూ చూపాలని ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధన పెట్టింది. అది 2022 జులై నుంచి అమల్లో ఉంది. ఊళ్లో ఒకటి రెండు శాఖలతో నడిచే హోటల్‌కు అది వర్తించదు. కాబట్టి ఆర్డర్ ఇచ్చేముందే సర్వర్‌ను అడగడం తప్ప మరో దారి లేదు. అందులో మొహమాటం ఏమీ అక్కర్లేదు.

తిన్నాక వచ్చేది బిల్లు. అసంతృప్తి చాలావరకు ఇక్కడే పుడుతుంది, కానీ చాలామంది చివరి అంకె మాత్రమే చూస్తారంటే అతిశయోక్తి కాదు. 2017లో జీఎస్టీ వచ్చిన కొత్తలో ఏసీ హోటల్‌లో 18, నాన్ ఏసీలో 12 శాతం పన్ను పడేది. అదే ఏడాది నవంబర్ 15 నుంచి మామూలు రెస్టారెంట్లన్నిటికీ ఏసీ తేడా లేకుండా 5 శాతం చేశారు. గది అద్దె రోజుకు 7,500 రూపాయలు దాటే హోటళ్లలోని రెస్టారెంట్లకు మాత్రం 18 శాతం.

చాలామందికి తెలియని సంగతి మరొకటి. ఏడాదికి కోటిన్నర రూపాయల లోపు వ్యాపారం చేసే హోటల్ ‘కాంపోజిషన్’ పద్ధతి ఎంచుకోవచ్చు. అలా ఎంచుకున్న యజమాని పన్ను తన జేబులోంచి కట్టాలి, గిరాకీల నుంచి విడిగా వసూలు చేయకూడదు. ఆ మాట బిల్లు మీద రాయాలి కూడా. అలాంటి బిల్లులో జీఎస్టీ గీత కనిపిస్తే అడిగి తీసేయించుకునే హక్కు ఉంది.

సర్వీస్ చార్జీ పన్ను కాదు, టిప్పు. దాన్ని అడగకుండా బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులై 4న మార్గదర్శకాలిచ్చింది. రెస్టారెంట్ల సంఘాలు ఢిల్లీ హైకోర్టుకు వెళ్లాయి. 2025 మార్చి 28న కోర్టు ఆ మార్గదర్శకాలను సమర్థించింది, పిటిషన్ వేసిన సంఘాలకు లక్ష రూపాయల చొప్పున ఖర్చులూ విధించింది. సర్వర్‌కు ఏమైనా ఇవ్వాలనిపిస్తే నేరుగా చేతికివ్వడమే మంచిది. నీళ్ల సీసా విషయంలో మాత్రం జనం అనుకునేదానికి చట్టం భిన్నంగా ఉంది. కూర్చోబెట్టి వడ్డించే చోట ఎంఆర్‌పీ కంటే ఎక్కువ తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 2017 డిసెంబర్‌లో తీర్పిచ్చింది. సీసా వద్దనుకుంటే గ్లాసులో మామూలు మంచినీళ్లు అడిగితే సరిపోతుంది.

ఇక ఇంటికి తెప్పించుకునే తిండి. స్విగ్గీ 2014లో బెంగళూరులో మొదలైంది, దాని స్థాపకుల్లో ఒకరైన శ్రీహర్ష మాజేటి తెలుగువాడే. 2024లో ఆ ఒక్క యాప్ మీదే దేశమంతటా 8.3 కోట్ల బిర్యానీలు ఆర్డరయ్యాయి, అందులో 97 లక్షలు హైదరాబాద్‌వే. కాజీపేట, సుబేదారి, నక్కలగుట్ట వైపు హాస్టళ్లు, అపార్ట్‌మెంట్ల గేట్ల దగ్గర రాత్రిపూట బ్యాగులు మోసే కుర్రాళ్లను చూస్తే ఆ అలవాటు వరంగల్‌కూ ఎంత పాకిందో అర్థమవుతుంది.

కౌంటర్‌లో ఒక ధర, యాప్‌లో ఒక ధర ఎందుకని చాలామంది అడుగుతారు. యాప్ ప్రతి ఆర్డర్ మీద హోటల్ నుంచి కమీషన్ తీసుకుంటుంది. ఆ భారం మోయలేక చాలా హోటళ్లు యాప్ మెనూలో రేటు పెంచుతాయి. దానికి ప్యాకింగ్, డెలివరీ చార్జీలు తోడు. 2023లో 2 రూపాయలతో మొదలైన ప్లాట్‌ఫామ్ ఫీజు 2024 అక్టోబర్‌కల్లా 10 రూపాయలైంది. 2022 జనవరి 1 నుంచి యాప్ ఆర్డర్ల మీద హోటల్ జీఎస్టీని యాపే వసూలు చేసి కడుతోంది. అందువల్ల జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేనంత చిన్న టిఫిన్ సెంటర్ దోశ కూడా యాప్‌లో కొంటే 5 శాతం పన్నుతో వస్తుంది. నడిచి వెళ్లి తింటే ఆ పన్ను లేదు. ఇంటికి దగ్గర్లో ఉన్న హోటల్‌కు ఫోన్ చేసి, వెళ్లి పార్సిల్ తెచ్చుకోవడం ఇద్దరికీ లాభమే. హోటల్‌కు కమీషన్ మిగులుతుంది, గిరాకీకి ఫీజులు తప్పుతాయి. అది అలవాటు చేసుకోదగ్గ పని.

డెలివరీలో రుచి చెడటానికి కారణం ప్రతిసారీ వంటమాస్టర్ కాదు. మూతపెట్టిన డబ్బాలో ఆవిరి నీరై దోశ మెత్తబడుతుంది, పూరీ చప్పబడిపోతుంది. బిర్యానీ, పులుసు కూరలు ప్రయాణాన్ని తట్టుకుంటాయి. రేటింగ్ ఇచ్చేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి. సాలన్ ప్యాకెట్ మర్చిపోయింది హోటల్ అయితే, వానలో తడుస్తూ వచ్చిన డెలివరీ కుర్రాడికి ఒక్క నక్షత్రం ఇవ్వడం అన్యాయం. ఆ ఇద్దరికీ విడివిడిగా రేటింగ్ ఇచ్చే వీలుంది. డబ్బులిచ్చి రాయించే రివ్యూల బెడద పెరగడంతో భారత ప్రమాణాల సంస్థ 2022 నవంబర్‌లో ఐఎస్ 19000 అనే ప్రమాణం తెచ్చింది. ‘సూపర్’, ‘వేస్ట్’ అని ఒక్కమాట రాసే బదులు ఏ రోజు, ఏ వంటకం, ఏమైందో రెండు వాక్యాలు రాస్తే తర్వాత వచ్చేవాళ్లకు పనికొస్తుంది.

రుచి కంటే పెద్ద విషయం శుభ్రత. పచ్చి గుడ్లతో చేసిన మయోనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబర్ 30న ఏడాదిపాటు నిషేధించింది. పచ్చి గుడ్డులో సాల్మొనెల్లా వంటి సూక్ష్మజీవులుండే ప్రమాదమే అందుకు కారణం. మండీ, కబాబ్‌ల పక్కన వచ్చే ఆ తెల్లటి గిన్నె దేంతో చేశారో అడగటం పిల్లలున్న ఇంటివాళ్లకు మరీ అవసరం. ఎర్రగా మెరిసే చికెన్ 65 సంగతీ అంతే. కబాబ్‌లలో కృత్రిమ రంగులను కర్ణాటక 2024లో నిషేధించింది. చిత్రమేమిటంటే, కారం తక్కువ, రంగు ఎక్కువ ఉండే చపాట మిర్చి వరంగల్ పంటే. 2025లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఇంటి పక్క పొలంలోనే అంత రంగు పండుతుంటే వంటగదిలోకి రంగు డబ్బా ఎందుకు రావాలి? ఈ ఊరి రెస్టారెంట్లు ‘మా వంటలో చపాట మిర్చి’ అని మెనూలో రాసుకునే రోజు రావాలి. రామప్పకు 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక దూరం నుంచి వచ్చేవాళ్లకు పనీర్ బటర్ మసాలాతోపాటు సర్వపిండి, బగారా అన్నం కూడా మెనూలో దొరకాలి.

హోటల్ బిల్లు మీద 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబర్ ఉండటం 2022 జనవరి నుంచి తప్పనిసరి. అది లేకపోతే అడగండి. ఇంటికొచ్చిన పార్సిల్ సీలు తెగి ఉంటే విప్పకముందే ఫొటో తీయండి, బిల్లు పారేయకండి. ముందు మేనేజర్‌తో మర్యాదగా మాట్లాడండి, చాలా గొడవలు అక్కడే తీరిపోతాయి. తీరకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అప్పటికీ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 5 లక్షల రూపాయల లోపు విలువున్న ఫిర్యాదుకు అక్కడ ఫీజు కట్టనక్కర్లేదు.