కొలువులో ఛోటా భీముడికి చోటుందా?

నిజాం రాజ్యం నుంచి వలస వచ్చి బొంబాయిలో కట్టుబడి పనులు చేసిన కామాటీల పేరు మీదే కామాఠిపుర వెలిసిందని మన పిల్లలకు చెప్పారా? అలాంటి పేటల చాళ్లలో వంటా, పడకా, పూజా ఒకే గదిలో. ఇక బొమ్మలు దాచుకోవాలంటే మంచం కింది ట్రంకుపెట్టే గతి!

1987 జనవరిలో దూరదర్శన్‌లో రామానంద్ సాగర్ ‘రామాయణ్’ మొదలైంది. 1988లో ‘మహాభారత్’ వచ్చింది. ఆ తరం పిల్లలకు రాముడన్నా, భీముడన్నా తెర మీది ముఖాలే. నేటి పిల్లల భీముడు వేరు. వాడు 2008లో పోగో చానల్లో అడుగుపెట్టిన ‘ఛోటా భీమ్’. వాణ్ణి సృష్టించింది మన హైదరాబాదు గ్రీన్ గోల్డ్ సంస్థే!

మరి సంక్రాంతికో, దసరాకో పెట్టే బొమ్మల కొలువులో వాడికి చోటివ్వాలా? “దేవుళ్ల పక్కన ప్లాస్టిక్ బొమ్మా!” అని పెద్దలు నొసలు చిట్లించవచ్చు. కానీ కొండపల్లి బొమ్మల్లో దశావతారాలతో పాటు తాడిచెట్టెక్కే గీత కార్మికుడూ, ఎడ్లబండీ ఉన్నాయి కదా! కింది మెట్టు మీద వాణ్ణి నిలబెట్టండి. పక్కనే గద పట్టిన మట్టి భీముణ్ణి పెట్టి, బకాసురుడి కథ అమ్మమ్మ చేత చెప్పించండి.

పాత చాళ్లు కూలి కొత్త ఫ్లాట్లు లేస్తున్నాయి. ఇల్లు మారేటప్పుడు ముందుగా బయటపడేవి మట్టిబొమ్మలే. వాటిని తడిగుడ్డతో తుడవకండి, రంగు పోతుంది. పాత నూలుచీర ముక్కల్లో చుట్టండి. ఏ బొమ్మ ఎవరు, ఏ ఊరి నుంచి తెచ్చారో ఒక చీటీ రాసి లోపల పెట్టండి. ఆ చీటీ మీ పిల్లల చేత, తెలుగులో రాయించండి.