కథ కంచికి కాదు... కంప్యూటర్‌లోకి!

తుపాకులు పేల్చడం, కార్లతో గుద్దడం... వీడియోగేమ్ అనగానే పెద్దవాళ్ల కళ్లముందు మెదిలేవి ఇవే. కానీ అవ్వాతాతలు చెప్పిన కథల్ని ఆటలుగా మలుస్తున్న చిన్నచిన్న బృందాలూ ఉన్నాయి. వాళ్ల ఆటల్లో శత్రువుల్ని చంపడం కన్నా కథ వినడమే ఎక్కువ. అలాంటి కొన్ని ఆటలూ... వాటి వెనకున్న అసలు కథలూ ఇవి.

అనగనగా ఓ మంచు ఊరు. అక్కడ ఓ తుపాను మొదలైంది. ఒకరోజు కాదు, రెండ్రోజులు కాదు... ఆగనే ఆగదు. తుపాను ఆగకపోతే వేట లేదు, వేట లేకపోతే తిండి లేదు. ఊరు ఊరంతా ఆకలితో మాడిపోయేలా ఉంది. అప్పుడు నూనా అనే చిన్నమ్మాయి 'అసలీ తుపాను ఎక్కడ పుడుతోందో చూసొస్తా'నంటూ బయల్దేరింది. దారిలో ధ్రువపు ఎలుగుబంటి తరిమింది. ప్రాణం పోయేదే... ఎక్కణ్నుంచో ఓ తెల్లనక్క వచ్చి కాపాడింది. అప్పట్నుంచీ ఆ ఇద్దరూ ఒకరికొకరు తోడు.

ఇది 2014 నవంబరులో విడుదలైన 'నెవర్ అలోన్' అనే వీడియోగేమ్‌ కథ. దానికి మరో పేరూ ఉంది... 'కిసిమా ఇంగిచునా'. అలాస్కాలోని ఇన్యుపియాట్ ప్రజల భాషలో 'నేను ఒంటరిని కాను' అని అర్థం.

అమెరికా మ్యాపులో పైన ఎడమవైపు విడిగా కనిపించే పెద్ద రాష్ట్రం అలాస్కా. దాని ఉత్తరపు కొసన ఉండే వాళ్లే ఇన్యుపియాట్లు. అక్కడి ఉట్కియాగ్విక్ పట్టణంలో (2016 దాకా దాని పేరు బ్యారో) శీతకాలంలో దాదాపు 65 రోజులు సూర్యుడు ఉదయించడు. అన్ని రోజుల చీకట్లో పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని పెద్దవాళ్లు చేసే పనేముంటుంది... కథలు చెప్పడం! మంచుమీద ఎలా నడవాలి, దొరికిన వేటను ఎలా పంచుకోవాలి అన్నవన్నీ వాళ్లకు ఆ కథలే నేర్పాయి.

అలాంటి చోట ఒక తరం పిల్లలు బడికి వెళ్లారు. అక్కడ సొంతభాషలో మాట్లాడితే శిక్షించేవారు. వాళ్లు పెరిగి పెద్దయ్యాక 'మేం పడ్డ బాధ మా పిల్లలు పడొద్దు' అనుకుంటూ ఇంట్లో ఆ భాష మాట్లాడటం తగ్గించేశారు. ఇప్పుడు ఇన్యుపియాక్ భాష బాగా వచ్చినవాళ్లలో ఎక్కువమంది వయసు పైబడినవాళ్లే. ఒక అవ్వ పోతే ఆమెతోపాటు కొన్ని కథలూ పోతాయి.

అడిగి తెచ్చుకున్న కథ

అలాస్కాలోని ఆంకరేజ్ నగరంలో 'కుక్ ఇన్‌లెట్ ట్రైబల్ కౌన్సిల్' అనే స్వచ్ఛంద సంస్థ ఉంది. అక్కడి మూలవాసుల చదువు, ఉపాధి లాంటివి చూస్తుంటుంది. ప్రభుత్వం ఇచ్చే నిధుల మీదే ఎన్నాళ్లు ఆధారపడతాం, సొంతంగా ఆదాయం ఉండాలి కదా అన్న ఆలోచన సంస్థ అధ్యక్షురాలు గ్లోరియా ఓనీల్‌కి వచ్చింది. ఆ ఆదాయం వచ్చే పని మన పిల్లలకీ మన సంస్కృతికీ కూడా పనికొస్తే బాగుంటుందనుకున్నారు. పిల్లలు ఎక్కడున్నారని చూస్తే... వీడియోగేముల ముందు!

అంతే, 'ఈ-లైన్ మీడియా' అనే గేమ్ కంపెనీతో చేతులు కలిపారు. 'అప్పర్ వన్ గేమ్స్' పేరుతో సొంత సంస్థ పెట్టారు. అలాస్కావాళ్లు తమకు దిగువనున్న అమెరికా రాష్ట్రాలను 'లోయర్ 48' అంటారు. దానికి సరదా జవాబే ఈ 'అప్పర్ వన్'.

ఇక్కడే అసలు సంగతి. మామూలుగా అయితే గేమ్ కంపెనీ వాళ్లు ఓ పుస్తకం తిరగేసి, నాలుగు బొమ్మలు చూసి, మిగిలింది ఊహించుకుని ఆట తయారుచేసేస్తారు. వీళ్లు అలా చేయలేదు. బృందం సియాటిల్ నుంచి అలాస్కాకు వెళ్లింది, పెద్దల ముందు కూర్చుంది. కథకులు, పెద్దలు, సమాజంలోని ఇతరులు కలిపి దాదాపు 40 మంది ఈ ఆట తయారీలో పాలుపంచుకున్నారు. రచనలో ఇష్మాయెల్ హోప్ అనే అలాస్కా మూలవాసి కవి, కథకుడు చేయి వేశారు.

ఎంచుకున్న కథ పేరు 'కునూక్‌సాయుకా'. దాన్ని తమదైన తీరులో చెప్పినందుకు పేరుపడ్డ కథకుడు రాబర్ట్ నాస్రుక్ క్లీవ్‌లాండ్. ఆయన అప్పటికే లేరు. దాంతో ఆయన కూతురు మిన్నీ గ్రేని వెతుక్కుంటూ వెళ్లి, మీ నాన్నగారి కథను ఆటగా మార్చుకోవచ్చా అని అడిగి అనుమతి తీసుకున్నారు. ఆ కథ ఎవరి నోట పలికిందో వాళ్ల ఇంటివాళ్లకి చెప్పకుండా తీసుకోవడం మర్యాద కాదన్నది వాళ్ల లెక్క. మూలకథలో బయల్దేరింది అబ్బాయి. ఆటలో అమ్మాయి అయింది.

ఆడుతూ వినే కథ

ఆట మొదలుకాగానే ఓ పెద్దాయన గొంతు వినిపిస్తుంది. ఇంగ్లిషు కాదు, అచ్చమైన ఇన్యుపియాక్. కింద ఇంగ్లిషులో అక్షరాలు వస్తుంటాయి. కథ మలుపు తిరిగినచోటల్లా తెరమీద దంతంమీద చెక్కినట్టుండే బొమ్మలు కదులుతాయి. తిమింగలం ఎముక మీదా, వాల్రస్ దంతం మీదా బొమ్మలు గీసే కళ అక్కడ ఉంది మరి.

నూనా గాలికి ఎదురు నడవలేదు. పెనుగాలి వచ్చినప్పుడు నేలకు కరుచుకుని ఆగాలి, గాలి తగ్గాక కదలాలి. నక్క గోడలెక్కగలదు, కనిపించని ఆత్మల్ని రప్పించగలదు. అమ్మాయి బరువులు జరపగలదు, తాళ్లకు రాళ్లు కట్టిన 'బోలా'ను విసరగలదు. ఒకరు చేసేది ఇంకొకరు చేయలేరు. ఇద్దరిలో ఎవరు వెనకబడినా ఆట ముందుకు సాగదు. అందుకే ఇద్దరు కూర్చుని ఆడితేనే దీని రుచి తెలుస్తుంది. అమ్మ నక్క, పాప నూనా అన్నమాట!

ఆకాశంలో ఆకుపచ్చగా మెరిసే ధ్రువకాంతులు ఆటలో అందంగానే కనిపిస్తాయి. కానీ దగ్గరికెళ్తే ఎత్తుకుపోతాయి. టోపీ లేకుండా బయట తిరిగితే ఆ వెలుగులు దిగొచ్చి తల పట్టుకుపోయి బంతాట ఆడుకుంటాయని ఇన్యుపియాట్ పిల్లల్ని భయపెడతారు. అక్కడి చలికి తల కప్పుకోకపోతే ఏమవుతుందో పెద్దలకు తెలుసు. చీకటి పడ్డాక బావి దగ్గరికి వెళ్తే దెయ్యం పట్టుకుంటుందని మన పెద్దవాళ్లు చెప్పడంలో ఉన్న జాగ్రత్తే అదీనూ.

ఆటలో అక్కడక్కడా గుడ్లగూబలు కనిపిస్తాయి. వాటిని చేరితే ఓ చిన్న వీడియో తెరుచుకుంటుంది. అలాంటివి ఇరవైకి పైనే ఉన్నాయి. వాటిల్లో నిజం మనుషులు మాట్లాడతారు. మంచు విరిగి కొట్టుకుపోయిన రోజుల గురించి, వేట పంచుకోవడం గురించి, వాతావరణానికీ ప్రాణముంటుందన్న తమ నమ్మకం గురించీ చెబుతారు. మ్యూజియంలో చూపించే పాతకాలం మనుషులం కాదు, ఇప్పుడూ ఇక్కడే బతుకుతున్నాం అన్నది వాళ్ల మాటల సారం.

ఈ ఆటలో లోపాల్లేవని కాదు. నక్క అనుకున్నచోట దూకదనీ, మూడు నాలుగు గంటల్లోనే అయిపోతుందనీ విమర్శలొచ్చాయి. అయినా 2015లో బ్రిటన్ 'బాఫ్టా' అవార్డుల్లో ఉత్తమ తొలి గేమ్‌గా నిలిచింది.

ఇద్దరు అక్కలు

ఇలా పెద్ద కంపెనీల పెట్టుబడి లేకుండా కొద్దిమంది కలిసి సొంత ఆలోచనతో చేసే ఆటల్ని 'ఇండీ గేమ్స్' అంటారు. వందల కోట్లు పెట్టి తీసే ఆట అందరికీ నచ్చాలి. చిన్న బృందానికి ఆ బెంగ ఉండదు. అందుకే మారుమూల కథలు వీళ్ల చేతుల్లోనే ఎక్కువగా ఆటలవుతున్నాయి.

2020లో ఓ చిత్రం జరిగింది. పుణెకు చెందిన 'నాడింగ్ హెడ్స్ గేమ్స్' బృందం 'రాజీ' అనే ఆట తెచ్చింది. రాక్షసులు ఎత్తుకుపోయిన తమ్ముడు గోలూ కోసం వెళ్లే అక్క కథ అది. దుర్గమ్మా, విష్ణుమూర్తీ మాట్లాడుకుంటూ కథ చెబుతారు. కోటలూ మండపాలూ చూస్తే రాజస్థాన్ గుర్తొస్తుంది. ఈ ఆట కోసం 2017లో ఇంటర్నెట్‌లో చందాలు అడిగితే అనుకున్నంత రాలేదు. అయినా వదల్లేదు వాళ్లు.

అదే ఏడాది బ్రిటన్‌లోని మరో చిన్న బృందం 'రోకి'ని విడుదల చేసింది. స్కాండినేవియా జానపద కథల అడవి అది. అందులోనూ అక్కే... పేరు టోవ్. భూతం ఎత్తుకుపోయిన తమ్ముడు లార్స్ కోసం వెళ్తుంది. రాజీ త్రిశూలం పట్టి పోరాడుతుంది. టోవ్ మాత్రం ఎవరినీ కొట్టదు. గాయపడ్డ రాక్షసుడి ఒంట్లోంచి కత్తి తీసి స్నేహం చేసుకుంటుంది. తల్లిని పోగొట్టుకున్న ఇంటి దుఃఖం కూడా ఆ కథలో ఉంది. ఆ ఏడు 'ద గేమ్ అవార్డ్స్'లో తొలి ప్రయత్నాల విభాగంలో పోటీపడ్డ అయిదింటిలో ఈ రెండూ ఉన్నాయి.

అన్నట్టు... 'రాజీ'లో పాత కథలు చెప్పేచోట తెరమీద కదిలేవి తోలుబొమ్మల్లాంటి నీడబొమ్మలే. ఆ ఆట వచ్చిన 2020లోనే, అనంతపురం ప్రాంతపు నిమ్మలకుంటకు చెందిన తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావుకు పద్మశ్రీ ప్రకటించారు. తెరవెనక దీపం పెట్టి తెల్లవార్లూ రామాయణం ఆడించిన కళ తెలుగువాళ్లది. బుర్రకథ, ఒగ్గుకథ, పటం విప్పుతూ కథ చెప్పే చేర్యాల బొమ్మలు... చెప్పుకొంటూపోతే మన దగ్గర కథలకేం కొదవ! రేపు వాటిని ఎవరైనా ఆటగా మలిస్తే, బొమ్మ ఆడించే ఆ చేతులకూ కథ పాడే ఆ గొంతులకూ అందులో చోటు ఉంటుందా అన్నదే ప్రశ్న. మిన్నీ గ్రే ఇంటి తలుపు తట్టినట్టు ఇక్కడా ఎవరో ఒకరు తట్టాలి.

పరుగు... చీకటి... చావు

'ములాకా' 2018లో వచ్చింది. మెక్సికోలోని చివావా నగర కుర్రాళ్లు తమ పక్క కొండల్లో ఉండే తారాహుమారా ప్రజల పురాణాలతో దాన్ని చేశారు. దూరపు పరుగుకు పేరుపడ్డ జాతి అది. అందుకే ఆటలో నాయకుడు ఎంత పరిగెత్తినా అలసిపోడు! కథ వినిపించేది వాళ్ల భాషలోనే.

స్వీడన్ వాళ్ల 'ఇయర్ వాక్' (2013) భయపెట్టే రకం. క్రిస్మస్ ముందురోజు లాంటి రాత్రుల్లో ఉపవాసముండి, చీకటిగదిలో కూర్చుని, అర్ధరాత్రి ఒంటరిగా చర్చి దాకా నడిస్తే వచ్చే ఏడాది ఏం జరుగుతుందో కనిపిస్తుందని అక్కడ ఓ పాత నమ్మకం. ఆ నడకే ఈ ఆట. పెద్దవాళ్లకే.

'టేల్స్ ఆఫ్ కెన్‌జెరా: జావ్' (2024) ఆఫ్రికా బంటూ పురాణాల మీద కట్టిన కథ. దీనికి ఓ పెద్ద కంపెనీ అండ ఉన్నా, చేసింది చిన్న బృందమే. నటుడు అబూబకర్ సలీమ్ తండ్రిని పోగొట్టుకున్న బాధలోంచి దీన్ని మలిచారు. చనిపోయిన తండ్రిని తిరిగివ్వమంటూ జావ్ మృత్యుదేవతతో బేరానికి దిగుతాడు. సావిత్రి కథ, నచికేతుడి కథ విన్న తెలుగు పిల్లలకి ఇది కొత్తగా అనిపించదు.

కొనేముందు...

* ఎవరు చేశారో చూడండి. ఏ జాతి కథో ఆ జాతివాళ్ల పేర్లు రచయితల్లో, గొంతు ఇచ్చినవాళ్లలో ఉన్నాయా అన్నది మంచి గుర్తు.

* మాటలు ఏ భాషలో ఉన్నాయో గమనించండి. మూలభాషలో విని, కింద ఇంగ్లిషు చదువుకోవడంలో ఓ అందం ఉంది.

* 'స్టీమ్' లాంటి ఆన్‌లైన్ దుకాణాల్లో 'జానపదం', 'పురాణం', 'ఇండీ' అన్న అర్థమొచ్చే ఇంగ్లిషు మాటలతో వెతకొచ్చు. ట్రైలర్ చూశాకే డబ్బు కట్టండి. డిస్కౌంట్లు తరచూ వస్తుంటాయి.

* ఎన్నేళ్ల పిల్లలకో రాసి ఉంటుంది, తప్పక చూడండి. జానపదమంటే అన్నీ చందమామ కథలు కావు.

* పిల్లాడికిచ్చేసి పక్కకెళ్లకండి. పక్కనే కూర్చోండి. ఆట అయ్యాక 'మా అమ్మమ్మ ఇలాంటి కథే చెప్పేది' అని మొదలుపెట్టండి. నూనా కథ అలాస్కా పిల్లల దగ్గరికి చేరడానికి ఎంతోమంది పెద్దలు ఎన్నో రోజులు కష్టపడ్డారు. మన కథ మన పిల్లల దగ్గరికి చేరడానికి అంత అక్కర్లేదు. భోజనాలయ్యాక ఓ అరగంట చాలు.