బీడీ కట్టకు పనికొచ్చే యాప్ ఏది?

సెల్‌ఫోన్‌తో సిగరెట్ మాన్పించవచ్చన్న ఆలోచనకు ఐఫోన్ కన్నా వయసెక్కువ. 2005లో ప్రచురించిన ఒక ప్రయోగంలో న్యూజిలాండ్ పరిశోధకులు పొగతాగే అలవాటున్న 1705 మందిని రెండు జట్లుగా విడదీశారు. వాళ్లలో కుర్రకారే ఎక్కువ. ఒక జట్టుకు మానే రోజు ఖాయం చేయించి, దానికి ముందూ వెనకా రోజూ ఎస్సెమ్మెస్‌లు పంపారు. మానిన రోజు నుంచి నెలపాటు వాళ్లు ఎవరికి మెసేజ్ పెట్టుకున్నా పైసా తీసుకోలేదు. సిగరెట్ పట్టే వేళ్లకు మరో పని దొరికింది. ఆరు వారాల తరవాత అడిగితే ఆ జట్టులో నూటికి 28 మంది, రెండో జట్టులో 13 మంది మానేశామన్నారు. నోటితో అనడానికేం, ఎవరైనా అంటారన్న సందేహం సహజం. బ్రిటన్‌లో 5800 మందితో జరిపి, 2011లో లాన్సెట్ పత్రికలో ప్రచురించిన ప్రయోగం ఆ సందేహానికి జవాబు. మానేశామన్నవాళ్ల దగ్గర ఉమ్మి నమూనా పోస్టులో తెప్పించుకుని, నికోటిన్ ఒంట్లో విరిగితే తయారయ్యే కొటినిన్ అందులో ఉందేమో పరీక్షించారు. ఆరు నెలలు నిలబడ్డవాళ్లు మెసేజీల జట్టులో 10.7 శాతం, మరో జట్టులో 4.9 శాతం. ప్రాణం లాగినప్పుడు ‘క్రేవ్’ అని ఒక్క మాట పంపితే అప్పటికప్పుడే తిరుగు మెసేజ్ వచ్చే ఏర్పాటు అందులో ఉండేది.

ఈ పద్ధతి కీలకమంతా ఆ తిరుగు మెసేజ్‌లోనే ఉందని నా అభిప్రాయం. పొగ పీల్చిన పది ఇరవై సెకన్లలో నికోటిన్ మెదడుకు చేరుతుంది. రక్తంలో అది సగానికి పడిపోవడానికి దాదాపు రెండు గంటలు పడుతుంది. పడిపోతున్నకొద్దీ మళ్లీ కావాలనిపిస్తుంది. అయితే ఆ లాగుడు చాలాసార్లు కొద్ది నిమిషాల్లోనే సద్దుమణుగుతుంది. డాక్టరు సలహా ఎంత మంచిదైనా ఆ నిమిషాల్లో పక్కన ఉండదు, ఫోను ఉంటుంది. పైగా ఆ లాగుడు రక్తంతో పాటు చోటుకూ వేళకూ ముడిపడిన వ్యవహారం. గోదావరిఖనిలోనో మందమర్రిలోనో సింగరేణి భూగర్భ గనిలోకి బీడీ, అగ్గిపెట్టె పోనివ్వరు. మీథేన్ అంటుకుంటుందన్న భయంతో తనిఖీ చేసి మరీ దింపుతారు. పైన గంటకొకటి కాల్చే మనిషి కూడా లోపల షిఫ్టంతా కాల్చకుండానే పని చేయాల్సిందే. (కొందరు నోట్లో తంబాకు పెట్టుకుని సర్దుకుంటారు, అది వేరే రోగం.) పైకొచ్చి చాయ్ గ్లాసు పట్టుకోగానే రెండో చెయ్యి జేబులోకి పోతుంది. చాయ్, దోస్తులు, షిఫ్టు దిగిన గంట, వీటిని ముందే ఎరిగి ఆ వేళకు పలకరించే సాధనమైతేనే పని జరుగుతుంది.

యాప్‌లు ఈ సంగతిని చాలాకాలం పట్టించుకోలేదు. 2008 జూలైలో ఆపిల్ యాప్ స్టోర్ తెరుచుకుంది. మరుసటి ఏడే అమెరికా పరిశోధకులు పొగ మాన్పిస్తామనే 47 ఐఫోన్ యాప్‌లను విప్పి చూశారు. కొన్ని మిగిలిన డబ్బు లెక్కవేసేవి, కొన్ని మానిన రోజులు లెక్కపెట్టేవి, కొన్ని హిప్నాటిజం పాఠాలు వినిపించేవి. వైద్య మార్గదర్శకాలు చెప్పే అసలు పనులు చాలావాటిలో లేవు. 2019లో కాక్రేన్ సంస్థ అప్పటిదాకా వచ్చిన ప్రయోగాలన్నీ కలిపి తూచితే, మెసేజీలు అందుకున్నవాళ్లలో మానేవాళ్లు అందుకోనివాళ్ల కన్నా ఒకటిన్నర రెట్లున్నారు. యాప్‌ల విషయంలో అలాంటి తేడా ఏమీ కనబడలేదు. రంగులు, బొమ్మలు, పతకాలు ఉన్న సాధనం కన్నా నూట అరవై అక్షరాల సందేశమే నెగ్గింది. అలాగని యాప్‌ను కొట్టిపారేయడమూ తొందరపాటే. 2020లో సియాటిల్‌లోని ఫ్రెడ్ హచిన్సన్ క్యాన్సర్ పరిశోధన కేంద్రం 2415 మందితో ఐక్యాన్‌క్విట్ అనే యాప్‌ను, అమెరికా ప్రభుత్వ క్యాన్సర్ సంస్థ వారి క్విట్‌గైడ్‌తో పోటీ పెట్టింది. ఏడాది తరవాత గడిచిన 30 రోజులూ కాల్చలేదన్నవాళ్లు మొదటిదానిలో 28.2 శాతం, రెండోదానిలో 21.1 శాతం. రెండూ యాప్‌లే. రెండోది కోరికను తప్పించుకొమ్మంటే, మొదటిది కోరిక వచ్చిందని ఒప్పుకుని, దాన్ని రానిచ్చి పోనిచ్చే అభ్యాసం చేయించింది. ఫోనులో ఏముందన్నది ముఖ్యమని తేల్చింది ఈ తేడాయే.

మన దేశం 2016 జనవరిలో సరైన కొసనే పట్టుకుంది. ఆరోగ్య, కమ్యూనికేషన్లు-ఐటీ శాఖలు ప్రపంచ ఆరోగ్య సంస్థతో కలిసి మొదలుపెట్టిన ఎం-సెసేషన్ అనే మెసేజీల పథకంలో చేరడానికి ఒక మిస్డ్ కాల్ చాలు. బటన్ ఫోనున్నా సరే. 20 లక్షల పైచిలుకు మంది చేరారు. వాళ్లలో 12 వేల మందిని ఆరు నెలలకు విచారిస్తే మానినవాళ్లు సుమారు 7 శాతం. ఇంతేనా అనిపించవచ్చు. ఐక్యాన్‌క్విట్ 28తో దీన్ని పోల్చడం మాత్రం తప్పు: అక్కడ యాప్ దించుకుని, ప్రయోగంలో చేరతామని వచ్చినవాళ్లు, ఇక్కడ దారిన పోతూ మిస్డ్ కాల్ ఇచ్చినవాళ్లు. పోల్చడానికి రెండో జట్టు లేదన్నదే ఈ లెక్కకున్న అసలు లోపం. ఆ 7లో సొంతంగానే మానేవాళ్లు ఎందరో చెప్పలేం. కానీ ఖర్చు దాదాపు లేని సాధనం 20 లక్షల మందిలో నూటికి ఇద్దరు ముగ్గురినైనా అదనంగా మాన్పిస్తే వేల ప్రాణాల మాట.

ఉత్తర తెలంగాణకొస్తే, యాప్ తడబడేది మొదటి ప్రశ్న దగ్గరే. రోజుకెన్ని ప్యాకెట్లు, ప్యాకెట్ ధరెంత అని అడుగుతుంది. పాన్ డబ్బా దగ్గర కుర్రాడు కొనేది పెట్టె కాదు, విడి సిగరెట్టు. ఊళ్లో అయితే బీడీ కట్ట. 2016-17 జాతీయ సర్వేలో దేశంలోని పెద్దవాళ్లలో బీడీ తాగేవాళ్లు 7.7 శాతం, సిగరెట్ తాగేవాళ్లు 4 శాతం. బీడీ చవక కాబట్టి, ‘ఇంత మిగిలింది’ అని యాప్ చూపే అంకె చిన్నదే. డబ్బు ఆశ చూపి మాన్పించే లెక్క ఇక్కడ చెల్లదు. ఊపిరి, దగ్గు, ఇంట్లో పిల్లలు, ఈ మాటలే పనికొస్తాయి, అదీ తెలుగులో, వీలైతే గొంతుతో.

ఫోనే ఒక వ్యసనమైన కుర్రాళ్లకు ఫోనుతో వైద్యమా అనేవాళ్లకు నా జవాబు చిన్నది: నోటిఫికేషన్లతో వెంటపడే యాప్ కన్నా రోజుకు రెండు మెసేజీలు మేలన్నది అందుకే. అంతకన్నా బరువైన ప్రశ్న బతుకుతెరువుది. ఎండాకాలంలో ఆదిలాబాద్ అడవుల్లో బీడీ చుట్టే తునికాకు తెంపి, యాభై ఆకులకొక కట్ట కట్టే గోండు కుటుంబాలున్నాయి. కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల, నిర్మల్‌లలో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టే ఆడవాళ్లున్నారు. కుర్రాళ్లు మానేస్తే వాళ్లేం తినాలి? ఈ ప్రశ్నను పక్కకు నెట్టడం అన్యాయం. అయితే ఆ ఆడవాళ్లే రోజంతా పొగాకు దుమ్ము పీలుస్తూ బతుకుతున్నారు. రాష్ట్రం 2015 నుంచి వాళ్లకు పింఛను ఇస్తోందంటే ఆ కూలితో బతకలేరని సర్కారే ఒప్పుకున్నట్టు. వాళ్లకు కావలసింది వేరే పని. ఆ పని చూపించలేని లోటును ఇరవై ఏళ్ల పిల్లల ఊపిరితిత్తులతో పూడ్చమనడం ఏం న్యాయం?

తెలుగులో మాట్లాడి, బీడీలను బీడీలుగా లెక్కపెట్టి, గని షిఫ్టు వేళలు తెలిసిన యాప్ ఎవరైనా తయారుచేస్తే మంచిదే; తయారుచేసి రెండు జట్లతో పరీక్షించాలి కూడా. అందాకా ఆగనక్కర్లేదు. 2018లో బెంగళూరు నిమ్హాన్స్‌లో పొగాకు మానడానికి ఫోనులో సాయం చేసే క్విట్‌లైన్‌కు దక్షిణాది భాషల కేంద్రం పెట్టారు. తెలుగులో మాట్లాడే కౌన్సెలర్లు అక్కడ ఉంటారు. అదే ఏడాది సెప్టెంబర్ 1 నుంచి క్విట్‌లైన్ నంబరును పొగాకు ప్యాకెట్ల మీద, బీడీ కట్టల మీద కూడా, అచ్చు వేయాలన్న నిబంధన వచ్చింది: 1800-11-2356. కాల్ ఉచితం.