బ్యాంకు ఖాతానా? సొసైటీ సభ్యత్వమా?

చెమటోడ్చి సంపాదించిన దాంట్లో నాలుగు రాళ్లు వెనకేసుకోవాలనుకునే ముస్లిం కుటుంబానికి తరచూ ఒక సందేహం ఎదురవుతుంది. ఒకవైపు బ్యాంకు. మరోవైపు వడ్డీ లేని పరపతి సహకార సంఘం, అంటే మన వాడుకలో సొసైటీ. "బ్యాంకులో వడ్డీ ఉంది, సొసైటీయే మేలు" అంటారు ఒకరు. "సొసైటీ మునిగితే సొమ్ము ఎవరిస్తారు?" అంటారు మరొకరు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. కాబట్టి ముందు ఈ రెండింటి స్వభావం తెలుసుకోవాలి.

బ్యాంకులో మనం ఖాతాదారులం. దాని నిర్వహణలో మన మాట చెల్లదు. సొసైటీలో మనం సభ్యులం. వాటా ఎంతున్నా ఒక మనిషికి ఒకే ఓటు. సభ్యుల పొదుపే సభ్యులకు అప్పుగా అందుతుంది. మన దేశంలో ఈ పద్ధతికి 1904 నాటి సహకార పరపతి సంఘాల చట్టం పునాది వేసింది. వడ్డీ లేకుండా అప్పులిచ్చే సంస్థలూ కొత్తవి కావు. దేవ్‌బంద్‌లోని ముస్లిం ఫండ్ 1961లోనే మొదలైంది.

చిన్న అప్పు విషయంలో సొసైటీ విలువ తెలుస్తుంది. తోపుడు బండి మీద పండ్లమ్ముకునే వ్యక్తికి పూచీకత్తు, కాగితాలు లేక బ్యాంకు అప్పు దొరకడం కష్టం. డైలీ ఫైనాన్స్ వాడు 10,000 రాసుకుని 9,000 చేతిలో పెడతాడు. రోజుకు 100 చొప్పున 100 రోజులు వసూలు చేస్తాడు. లెక్కగడితే అది సంవత్సరానికి నూటికి 75 రూపాయలకు పైబడిన వడ్డీ! సక్రమంగా నడిచే సొసైటీ అయితే నిర్వహణకు అయిన ఖర్చు మాత్రమే తీసుకుంటుంది.

అయితే భద్రత విషయంలో బ్యాంకుదే పైచేయి. బ్యాంకు మూతపడితే ఒక్కో ఖాతాదారుకు 5 లక్షల రూపాయల వరకు డిపాజిట్ బీమా ఉంది. 2020 ఫిబ్రవరికి ముందు ఇది 1 లక్షే. అర్బన్ సహకార బ్యాంకులకూ ఈ బీమా వర్తిస్తుంది. పరపతి సొసైటీలకు వర్తించదు. కొన్ని సొసైటీలు పేరులో 'బ్యాంకు' అని రాసుకుని, సభ్యులు కానివారి నుంచి కూడా డిపాజిట్లు తీసుకుంటున్నాయని, వాటికి బీమా లేదని రిజర్వు బ్యాంకు 2021 నవంబరులో హెచ్చరించింది. బోర్డు మీది పేరు చూసి మోసపోరాదు.

'హలాల్ లాభం' అన్న మాట విని కూడా మోసపోరాదు. బెంగళూరులో ఐ మానిటరీ అడ్వైజరీ సంస్థ 2019లో కుప్పకూలినప్పుడు వేలాది ముస్లిం కుటుంబాలు నష్టపోయాయి. అది సొసైటీ కాదు, బ్యాంకూ కాదు.

కనుక సొసైటీలో చేరేముందు కొన్ని ప్రశ్నలు అడగండి. ఏ చట్టం కింద రిజిస్టర్ అయింది? ఏటా ఆడిట్ జరుగుతోందా? సర్వసభ్య సమావేశంలో లెక్కలు చదివి వినిపిస్తున్నారా? పాలకవర్గం వారి బంధువులకు ఎంత అప్పు ఇచ్చారు? సర్వీసు చార్జీ అసలు ఖర్చును బట్టి వేస్తున్నారా, లేక అప్పు మీద గడువును బట్టి నూటికింత అని పెంచుతున్నారా? రెండోదైతే పేరు మారిన వడ్డీయే అవుతుంది. ఈ ప్రశ్నలకు ముఖం చిట్లించే చోట అమానతు పెట్టకండి.

జీతం, పింఛను, స్కాలర్‌షిప్పుల కోసం బ్యాంకు ఖాతా తప్పదు. ఇల్లు కట్టుకోవడానికో, అమ్మాయి పెళ్లికో దాచిన పెద్ద మొత్తానికి కూడా అదే భద్రం. ఖాతాలో పడిన వడ్డీని సొంతానికి వాడుకోకుండా, పుణ్యం ఆశించకుండా పేదలకు ఇచ్చేయాలన్నది మన దేశంలోని చాలామంది ముఫ్తీల అభిప్రాయం. నష్టపోయినా తట్టుకోగలిగిన చిన్న పొదుపును సొసైటీలో ఉంచితే, అది పక్కింటివారి అవసరానికి పనికొస్తుంది.

చివరగా అప్పు తీసుకునేవారికి ఒక మాట. సొసైటీ సొమ్ము ఏ షావుకారుదో కాదు; ఒక వితంతువు కుట్టుకూలీలో మిగుల్చుకున్నది. అప్పును రాసి పెట్టుకోమని దివ్యఖుర్ఆన్ రెండో సూరా ఆదేశిస్తోంది. బాకీ తీరని వ్యక్తి జనాజా నమాజుకు దైవప్రవక్త (స) ముందుకు రాలేదు. ఒక సహచరుడు ఆ బాకీ తనపై వేసుకున్న తర్వాతే చదివించారు. వడ్డీ లేదు కదా అని వాయిదాలు ఎగ్గొట్టేవారి వల్లనే మంచి సొసైటీలు కూడా మూతపడతాయి. అలా ఒకటి మూతపడితే, రేపు ఆ పండ్ల బండివాడు మళ్లీ డైలీ ఫైనాన్స్ గుమ్మమే తొక్కాల్సి వస్తుంది.