మిస్సింగ్ కొట్టే టర్బో: క్యాసెట్ మార్చడంతో పని పూర్తికాదు

స్వీడన్‌లోని ట్రోల్‌హాటన్ కంపెనీ సాబ్ తయారుచేసిన 9000, 9-5 వంటి టర్బో కార్లకు వయసు మీదపడ్డాక వచ్చే జబ్బు ఒకటుంది. ఖాళీగా ఆడుతున్నప్పుడు ఇంజన్ నున్నగానే ఉంటుంది. చదును రోడ్డుమీద నెమ్మదిగా పోతుంటే ఏ లోపమూ తెలియదు. ఎత్తెక్కేటప్పుడో, ముందున్న లారీని దాటబోయినప్పుడో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే మాత్రం బండి కుదుపులతో మిస్సింగ్ కొడుతుంది. కాలు తీస్తే మళ్లీ మామూలే. కొన్ని కార్లయితే బాగా వేడెక్కాక ఉన్నట్టుండి ఆగిపోతాయి, చల్లారితే గానీ స్టార్టవవు. ఈ లక్షణాలు వినగానే ఆ కార్లు తెలిసిన మెకానిక్ చూపు ఇంజన్ నెత్తిమీద పొడవుగా కూర్చున్న ప్లాస్టిక్ పెట్టెవైపు పోతుంది. నాలుగు ప్లగ్గులకూ రవ్వ పుట్టించే కాయిల్స్ ఉండే దాన్నే డైరెక్ట్ ఇగ్నిషన్ క్యాసెట్ అంటారు. ఆ అనుమానం చాలాసార్లు నిజమే. అయితే అది ఎందుకు పోయిందని అడగకుండా కొత్తది బిగించి పంపితే ఆ కొత్తదానికీ పూర్తి ఆయుష్షు దక్కదు. క్యాసెట్ చెడడంలో దాని వయసుకు ఎంత పాత్ర ఉందో, దాని కింద అరిగిపోయిన స్పార్క్ ప్లగ్గులకూ అంత పాత్ర ఉంది. అందుకే ఈ రెంటినీ ఒకే మరమ్మతుగా చూడాలని నా వాదన.

లోడ్ పడినప్పుడే జబ్బు ఎందుకు బయటపడుతుందో తెలిస్తే మిగతాదంతా తేలికవుతుంది. గాలి మామూలుగా విద్యుత్తుకు దారివ్వదు. రెండు లోహపు కొనల మధ్య గాలిని చీల్చుకుని నిప్పురవ్వ ఎగరాలంటే ఎంత వోల్టేజీ కావాలన్నది ఆ కొనల మధ్య దూరాన్నీ, వాయుపీడనాన్నీ గుణించగా వచ్చే విలువమీద ఆధారపడుతుందని 1889లో జర్మన్ భౌతిక శాస్త్రవేత్త ఫ్రీడ్రిక్ పాషెన్ తేల్చాడు. వేడి కూడా మారుతూండే ఇంజన్‌లో పీడనానికి బదులు సాంద్రతను లెక్కలోకి తీసుకోవాలి. ఆ సందులో ఎన్ని అణువులు అడ్డున్నాయన్నదే అసలు సంగతి. బయటి గాలిలో 1 మిల్లీమీటరు సందు దాటడానికి నాలుగు వేల వోల్టుల పైచిలుకు చాలు. ఈ టర్బో ఇంజన్లు గాలిని దాదాపు తొమ్మిదో వంతుకు కుదిస్తాయి కాబట్టి, సిలిండర్ లోపల అదే సందుకు అంతకు ఎన్నో రెట్లు కావాలి. ఇక టర్బో పాత్ర చూద్దాం. ఖాళీగా ఆడే ఇంజన్‌కు అందే గాలి పీడనం వాతావరణ పీడనంలో సగంకన్నా తక్కువే ఉంటుంది. టర్బో 0.7 బార్ బూస్ట్ ఇస్తున్నప్పుడు అది వాతావరణ పీడనానికి 1.7 రెట్లవుతుంది. అంటే ఖాళీగా ఆడేటప్పుడు ప్లగ్ కొనల మధ్య ఉండే అణువులకన్నా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు మూడు రెట్లకు మించి ఉంటాయి. బలహీనపడిన క్యాసెట్ తక్కువ పనిని నెట్టుకొస్తుంది, ఎక్కువ పని మీదపడగానే చేతులెత్తేస్తుంది.

ఇక్కడే చాలామంది గమనించని విషయం ఒకటుంది. ఇగ్నిషన్ కాయిల్ ప్రతిసారీ ఒకే వోల్టేజీ ఇస్తుందని అనుకుంటాం. నిజానికి ప్లగ్ సందు ఎంత అడిగితే అంతవరకే అది పెరుగుతుంది. సాబ్ క్యాసెట్‌లో ముందు ఒక కెపాసిటర్ సుమారు 400 వోల్టుల దాకా ఛార్జవుతుంది. అది ఒక్కసారిగా కాయిల్‌లోకి ఖాళీ కాగానే రెండో చుట్టలో వోల్టేజీ మెరుపువేగంతో లేస్తుంది. రవ్వ ఎగిరిందా, అక్కడితో ఆగుతుంది. ఎగరకపోతే 40 వేల వోల్టుల దాకా పోగల శక్తి దానికుంది. చెరువు అలుగు ఎత్తు పెంచితే కట్టమీద నీటి ఒత్తిడి పెరిగినట్టే, ప్లగ్ కొనలు అరిగి సందు పెరిగేకొద్దీ క్యాసెట్ లోపలి ఇన్సులేషన్‌మీద భారం పెరుగుతుంది. 1 మిల్లీమీటరు ఉండాల్సిన సందు 1.4కు చేరితే, రవ్వ ఎగరడానికి ముందు కాయిల్ చుట్టలు, వాటిచుట్టూ పోసిన రెసిన్, ప్లగ్ మీద కూర్చునే రబ్బరు బూట్లు ప్రతి పేలుడుకూ అదనపు వోల్టేజీ భరించాలి. నిమిషానికి 3,000 చుట్లు తిరిగే నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో అది నిమిషానికి 6,000 సార్లు. ఎక్కడో ఒకచోట ఇన్సులేషన్‌లో సన్నటి పగులొస్తుంది. ఆ తర్వాత కరెంటు ప్లగ్ సందులోంచి కాకుండా ఆ పగులులోంచి ఇంజన్ బాడీకి దారి వెతుక్కుంటుంది. రబ్బరు బూటుమీద కనిపించే సన్నటి నల్లగీత అలాంటి దొంగదారి గుర్తే.

దీనికి ఎదురుచెప్పేవాళ్లున్నారు. తప్పు ప్లగ్గులది కాదు, డిజైన్‌దే అంటారు వాళ్లు: నాలుగు కాయిల్స్‌నీ, ఎలక్ట్రానిక్స్‌నీ ఒకే పెట్టెలో కుక్కి, ఇంజన్‌లో బాగా వేడెక్కే చోట పెడితే చెడక ఏమవుతుంది? ఈ మాటలో నిజముంది. వేడికి రెసిన్, సోల్డర్ అతుకులు, కెపాసిటర్ అన్నీ ముసలివవుతాయి. ఎంత శుభ్రమైన ప్లగ్గులున్నా క్యాసెట్ శాశ్వతం కాదు. ఒక్క కాయిల్ పోయినా మొత్తం మార్చాల్సి రావడం జేబుకు బరువే. కానీ అలా ఒకేచోట చేర్చడంవల్ల దక్కింది కూడా చెప్పుకోవాలి. డిస్ట్రిబ్యూటర్ పోయింది, తేమ పట్టి కరెంటు కార్చే పొడవాటి ప్లగ్ వైర్లు పోయాయి. అన్నిటికన్నా ముఖ్యం, 1993 మోడల్ 9000లో ట్రయోనిక్ అనే ఇంజన్ కంప్యూటర్ వచ్చాక ఈ పెట్టె రవ్వ పుట్టించడంతో ఊరుకోలేదు, సిలిండర్ లోపలి కబురు మోసుకురావడం మొదలుపెట్టింది.

ఆ పనితనం నిజంగా మెచ్చుకోదగ్గది. పెట్రోలు మండినప్పుడు ఆ వేడికి వాయువులోని అణువులు అయాన్లుగా విడిపోతాయి, కాసేపు ఆ వాయువు విద్యుత్తును పోనిస్తుంది. రవ్వ అయిపోగానే క్యాసెట్ అదే ప్లగ్ కొనల మధ్య సుమారు 80 వోల్టులు పెట్టి ఎంత కరెంటు పోతోందో కొలుస్తుంది. కరెంటు లేకపోతే మంట అంటుకోలేదన్నమాట. కరెంటులో చిన్న చిన్న అలలు కనిపిస్తే ఇంజన్ నాకింగ్ చేస్తోందని, అంటే మిశ్రమం అదుపుతప్పి పేలుతోందని అర్థం. కంప్యూటర్ వెంటనే రవ్వ టైమింగ్ వెనక్కి జరిపి, అవసరమైతే బూస్ట్ తగ్గిస్తుంది. స్టార్ట్ చేసేటప్పుడు ఒకటో, నాలుగో పిస్టన్లు ఒకేసారి పైకొస్తాయి. వాటిలో కుదింపులో ఉన్నదేదో క్రాంక్ సెన్సర్‌కు తెలియదు. రెంటిలోనూ రవ్వ వేసి, మంట ఎందులో అంటుకుందో ఈ కరెంటు ద్వారానే కంప్యూటర్ తెలుసుకుంటుంది. క్యామ్ షాఫ్ట్ సెన్సర్ అక్కర్లేకుండా పోయింది.

దీనివల్ల మరమ్మతులో ఒక చిక్కుంది. క్యాసెట్ ఏకకాలంలో పనివాడూ, సాక్షీ. అది చెడితే రవ్వా తప్పుతుంది, తప్పు ఎక్కడుందో చెప్పే కబురూ తప్పవచ్చు. స్కానర్‌లో మిస్‌ఫైర్ కోడ్ కనిపించినంతమాత్రాన దోషి క్యాసెట్టేనని తీర్పివ్వలేం. అరిగిన ప్లగ్, పగిలిన బూటు, గాలి లీకయ్యే హోస్, బలహీనపడిన పెట్రోలు పంపు కూడా లోడ్‌లో అవే కుదుపులు తెస్తాయి. అన్నిటికన్నా చవకైన ప్లగ్గులతో మొదలుపెట్టి, తర్వాత హోసులు చూసి, చివరికి బాగున్నదని తెలిసిన క్యాసెట్ పెట్టి నడిపి చూడడమే సరైన వరుస. సాబ్ యజమానుల్లో చాలామంది డిక్కీలో అదనపు క్యాసెట్ ఉంచుకుంటారు. మంచి అలవాటే, ఎందుకంటే దారిలో ఆగిపోతే ఆదుకుంటుంది. కానీ అది పెట్టగానే బండి కదిలింది కదా అని కారణం వెతకడం మానేస్తే పాత ప్లగ్గులు రెండోదాన్నీ అదే దారిలో నడిపిస్తాయి.

ఇంకో అభ్యంతరం ఆచరణకు సంబంధించింది. ప్లగ్ సందు కాస్త తగ్గించేస్తే తక్కువ వోల్టేజీతోనే రవ్వ ఎగురుతుంది కదా, ఖర్చెందుకు? నిజమే, మిస్సింగ్ ఆగుతుంది. కానీ అది నొప్పి మాత్రమే తగ్గించడం. సందు మరీ చిన్నదైతే రవ్వ చిన్నదై, మొదట పుట్టిన మంట గింజ చల్లని లోహానికి దగ్గరై, పల్చని మిశ్రమం సరిగా అంటుకోదు. లోపల పగిలిన ఇన్సులేషన్ మాత్రం పగిలే ఉంటుంది. చవక నకలు క్యాసెట్లదీ ఇలాంటి కథే. రవ్వ వేసే కాయిల్ చేయడం ఒక ఎత్తు, అతి సూక్ష్మమైన అయాన్ కరెంటును నమ్మకంగా కొలవడం మరో ఎత్తు. రెండోది సరిగా రాకపోతే బండి నడుస్తూనే తప్పుడు కబుర్లు పంపుతుంది. నాకింగ్ పట్టుకునే కన్నే మసకబారిన టర్బో ఇంజన్‌కు పిస్టన్‌ల క్షేమం కూడా ప్రశ్నే. అందుకే ఈ ఒక్క భాగం విషయంలో పొదుపు వద్దంటాను.

మార్చే పని పెద్దదేం కాదు. ఇంజన్ పూర్తిగా చల్లారాలి, ఇగ్నిషన్ ఆపి ఉండాలి. కనెక్టర్ పీకి, నాలుగు స్క్రూలు విప్పితే క్యాసెట్ పైకొస్తుంది. ట్రయోనిక్ 5 కార్లకు ఎర్రది, ట్రయోనిక్ 7 కార్లకు నల్లది; బయటి పోలిక చూసి ఒకదాని బదులు మరొకటి వేయకూడదు. ప్లగ్ గుంతల్లోని దుమ్మును గాలితో ఊదాకే ప్లగ్గులు విప్పాలి. సిలిండర్ హెడ్ అల్యూమినియంది కాబట్టి వేడిమీద విప్పితే మరలు చెడతాయి. కంపెనీ చెప్పిన రకం ప్లగ్గే వేయాలి, సందు కొలిచి మరీ వేయాలి. ఎన్‌జీకే ప్లగ్ పేరు చివర 11 ఉంటే 1.1 మిల్లీమీటర్ల సందని అర్థం. రబ్బరు బూట్లు గట్టిపడినా, గీతలు పడినా అప్పుడే మార్చాలి. రవ్వ వస్తోందో లేదో చూడడానికి క్యాసెట్‌ను చేత్తో పట్టుకుని ఇంజన్ తిప్పించడం మాత్రం ఎప్పుడూ చేయకూడదు. ఆ కరెంటు మనిషికి ప్రమాదం. పైగా రవ్వకు దారి దొరక్క వోల్టేజీ పూర్తిగా లేచి మంచి క్యాసెట్టూ పాడవుతుంది.

సాబ్ 2011లో దివాళా తీసింది. అమెరికాలోనో, యూరప్‌లోనో ఉంటూ ఆ కార్లలో ఒకదాన్ని ఇంకా నడుపుతున్న తెలుగువాళ్లకు ఈ వివరాలు నేరుగా పనికొస్తాయి. మన దగ్గర పెరుగుతున్న చిన్న టర్బో పెట్రోల్ కార్లలో ఎక్కువగా ఒక్కో ప్లగ్‌కు ఒక్కో విడి కాయిల్ ఉంటుంది, కాబట్టి చెడిన ఒక్కదాన్ని మార్చుకునే వెసులుబాటుంది. గాలి సాంద్రత, ప్లగ్ సందు, ఇన్సులేషన్ లెక్క మాత్రం వాటిలోనూ ఇదే. లోడ్‌లో మిస్సింగ్ మొదలయ్యాక బండిని అలాగే నడపకండి. మండని పెట్రోలు సైలెన్సర్ దారిలోని క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి చేరి అక్కడ మండి, కాయిల్‌కన్నా ఎంతో ఖరీదైన ఆ భాగాన్ని కరిగించేస్తుంది. కాయిల్ మార్చిన రోజునే ప్లగ్గులన్నీ మార్చమని మెకానిక్‌ను అడగండి, విప్పిన పాత ప్లగ్గుల సందు మీ ఎదుటే కొలిపించి చూడండి.